బ్రూనా చేతులు, బకునావా కళ్ళు

దీవుల దేశంలోని మలబోన్ ఊరి చేపల బజారులో బ్రూనా చేతులు తెలియనివాళ్ళు లేరు. పడవ మీంచి నిండు తొట్టి దింపి, నడుముకు ఆనించి, పోటు నీళ్ళు చీలమండల దాకా నిలిచిన బజారులో ఒక్క చేప కూడా జారకుండా నడిచొచ్చే చేతులవి. నెలకు రెండుసార్లు నది పొంగి బజారులోకి వస్తుంది. వస్తే రానీ అని అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని బేరాలాడుకుంటూనే ఉంటారు. ఆ నీళ్ళలో నిలబడి అలింగ్ బ్రూనా, అంటే బ్రూనక్క, వయసు యాభై రెండు, "బతికున్నాయి, బతికున్నాయి, మీ ఇంటి అడ్రసు అడుగుతున్నాయి!" అని అరిస్తే అవతలి ఒడ్డున చర్చి మెట్ల మీద కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

ఆ చేతులకు ఇంకో రకం పేరు కూడా ఉంది. కొండను భుజాన మోసిన రాక్షసుడి చేతులు బ్రూనావే. మొసలి దవడలు చీల్చిన యువరాజు చేతులూ ఆవిడవే. మబ్బుల మీద కూర్చుని పిడుగులు పంచిపెట్టిన ఒంటికన్ను దేవుడు కూడా పని అంతా ఆవిడ చేతులతోనే కానిచ్చాడు. గురువారం గురువారం వచ్చే బొమ్మల కథల పుస్తకంలో వాటిని చూడొచ్చు. ఆ పుస్తకాన్ని కొనేవాళ్ళు తక్కువ. వీధి మూల పాస్యా కొట్టులో తాడు మీద బట్టల్లా ఆరేసి ఉంటుంది. చిల్లర ఇచ్చి, కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, అక్కడే చదివి అక్కడే తిరిగిచ్చేస్తారు. సబ్బులతో, కొవ్వొత్తులతో పాటు కథలు కూడా అద్దెకిచ్చే ఈ పాస్యా, బ్రూనా ఒకే ఏడాది ఒకే వీధిలో పుట్టారు. అప్పట్నుంచీ ఒకరి మీద ఒకరు పైచేయి కోసం చూస్తూనే ఉన్నారు.

బొమ్మలు గీసే మనిషి మాంగ్ దులో, అంటే పెద్దాయన దులో. బ్రూనా ఇంటికి మూడిళ్ళ అవతల కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. పీల మనిషి, దగ్గితే కుర్చీ కదిలేది. ఇంతటి రాక్షసులు ఈయనలోంచి ఎలా ఊడిపడుతున్నారా అని కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆయన పెద్ద కూతురి జ్ఞానస్నానం నాడు పిల్లను ఎత్తుకుని నిలబడ్డది బ్రూనాయే. ఆ బంధుత్వంతో ఆయన ఆవిణ్ణి "మారే" అంటాడు, ఆవిడ ఆయన్ని "పారే" అంటుంది. ఆ రెండు పిలుపుల్లో వియ్యాలవారి చనువంతా ఉంది. ఎంత మాటైనా అనొచ్చు, ఎదుటివాళ్ళు పడాల్సిందే.

దులోకి ఒక రేకు పెట్టె ఉంది. పాతికేళ్ళుగా పత్రికల్లోంచి కత్తిరించి దాచిన బొమ్మలు అందులో ఉంటాయి. గుర్రాలు, గద్దలు, కుస్తీ పట్టేవాళ్ళు, సర్కసు ఏనుగులు, సినిమా పోస్టర్ల ముక్కలు, చర్చి కేలండర్లలోంచి తీసిన దేవదూతల రెక్కలు. దేవదూతలు ఉండరు, ఒట్టి రెక్కలే. పోటు నీళ్ళకు అందకుండా ఆ పెట్టెను దూలానికి వేలాడదీశాడు. తను పడుకునే పరుపు మాత్రం నేల మీదే. అంత పెట్టె ఉన్నా చాలక వీధిలో మనుషుల్ని కూడా వాడుకునేవాడు. పిశాచాలన్నిటికీ మంగలి ఎస్తోంగ్ చెవులుండేవి. దానికి దులో ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ మనిషి దగ్గరా ఒక్కటికి మించి తీసుకోకూడదు. మిగతాది తన తలలోంచి రావాలి.

మొదటిసారి ఆయన తెడ్డు పట్టుకుని బజారుకొచ్చి, "మారే, ఇది కాస్త నెత్తి మీదికెత్తి పట్టుకో, రాక్షసుడు కొండ ఎత్తుతున్నాడు" అన్నప్పుడు బ్రూనా చేతికి పొలుసులు అంటుకుని ఉన్నాయి. అలాగే ఎత్తింది.

"కొండే కదా, నీ తలలోంచి గీసుకోలేవా?" అనడిగింది.

"గీయొచ్చు మారే. కానీ ఎవరూ నమ్మరు. అచ్చంగా నిన్నే గీశాననుకో, అది నువ్వే అవుతావు, నువ్వు కొండ ఎత్తవు కదా. కొండ నాది, చెయ్యి నీది అయితేనే చూసేవాళ్ళకి బరువు తెలుస్తుంది."

"ఈ తొట్టి ఒక్కసారి ఎత్తి చూడు. బరువు నీకే తెలుస్తుంది."

దులో నవ్వి ఊరుకున్నాడే గానీ తొట్టి జోలికి పోలేదు. అలా పదిహేనేళ్ళు గడిచాయి. చేతులు వెళ్తున్నాయి, గీయించుకుంటున్నాయి, వస్తున్నాయి.

"పారే, నా చేతులు దీవులన్నీ చుట్టొస్తున్నాయి. నా తల మాత్రం మలబోన్ దాటలేదు. అదేం పాపం చేసింది?" అనేది బ్రూనా.

"ఒక మనిషికి ఒక్కటే, మారే."

"అయితే చేతులు తిరిగిచ్చెయ్. తల పట్టుకుపో."

నవ్వుతూనే అనేది గానీ ఆ కోరిక నిజం. బ్రూనాకు ఉన్నదల్లా ఒకే ఒక్క ఫొటో, పెళ్ళినాటిది. అందులో కూడా సరిగ్గా ఆ క్షణానికే గాలి వీచి ముసుగు సగం ముఖాన్ని కప్పేసింది. ఆ మిగిలిన సగం ముఖం పెళ్ళికొడుకు మీద కోప్పడుతున్నట్టు ఉంటుంది. పెళ్ళికొడుకు ఇల్యో. ఇప్పుడు మోకాలు పట్టేసి చేపల వేటకు వెళ్ళడం మానేశాడు, గుమ్మంలో కూర్చుని ఊరందరి వలలూ బాగుచేస్తాడు. మాట ఖర్చుపెట్టడానికి బాగా ఆలోచించే మనిషి. తెల్లవారుజామున ఆవిడకంటే ముందు లేచి కాఫీ కాచి, ఆవిణ్ణి లేపి బజారుకు పంపడం ఒక్కటే ఆయన చేసే హడావుడి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దులోకి కొత్త సీరియల్ వచ్చింది. సముద్రపు రాణి కథ అని పాస్యా ముందే ఆరా తీసి పెట్టింది. ఆ వారమే దులో వరసగా మూడు రోజులు బజారుకొచ్చి, ఎదురుగా బోర్లించిన తొట్టి మీద కూర్చుని, కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని బ్రూనాను చూశాడు. చేతుల వంక చూడనేలేదు. మొదటి రోజు కాసేపు తొట్టిలోకి చూశాడు గానీ, తర్వాత చూసిందంతా ముఖం వంకే.

మూడో రోజు సాయంత్రం బ్రూనా నేరుగా పాస్యా కొట్టుకు వెళ్ళింది.

"సముద్రపు రాణి ఎవరో తెలుసా? నీ ఎదురుగా నిలబడింది. లేచి నిలబడు."

"నువ్వా? ఏ సముద్రానికే?"

"చేపలన్నీ ఎవరి మాట వింటాయో ఆ సముద్రానికి."

"నీ మాట వినే చేపలన్నీ చచ్చినవేగా" అంది పాస్యా, సబ్బులు సర్దుతూ.

ఎస్తోంగ్‌తో సహా బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. బ్రూనాకు పౌరుషం వచ్చింది. ఆ రాణి ముఖం తనది కాకపోతే నెల రోజులు ఈ కొట్టు ముందు వాకిలి ఊడుస్తానని అందరి ముందూ అనేసింది. పాస్యా ఆ క్షణమే లోపలికెళ్ళి చీపురు తెచ్చి, అందరికీ కనబడేలా తలుపు పక్కన నిలబెట్టింది.

రాణి అన్నాక రాణిలా ఉండాలి కదా. బ్రూనా మర్నాడు జుట్టు ఉంగరాలు తిప్పించుకుంది. తిప్పింది ఎవరో గానీ చేతికి జాలి లేదు, తల కాలీఫ్లవర్ అయింది. ముఖానికి పౌడరు, చెవులకు వదిన దగ్గర అడిగి తెచ్చిన జుంకాలు. రాణులు అరవరు కనుక అరవడం మానేసింది. "చేపలు... కావాలాండీ?" అని పెదవులు కదిలీ కదలకుండా అంటుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు ఈవిడకు ఒంట్లో బాగాలేదేమోనని పక్క తొట్టికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి బజారు పిల్లులకు పండగ అయింది.

నాలుగో రోజు వచ్చిన దులో చేతిలో పెన్సిలు జారి నీళ్ళలో పడింది.

"మారే... నిన్నటి మనిషి ఏదీ?"

"ఇదేగా" అంది బ్రూనా, మెడ కాస్త పక్కకు వంచి.

దులో కాసేపు తల గోక్కున్నాడు. లేచి పాస్యా కొట్టు దాకా వెళ్ళొచ్చాడు. ఇంకో పెన్సిలు కొనుక్కోవడానికి కాబోలు అనుకుంది బ్రూనా. కాసేపటికి పాస్యా సంచీ ఊపుకుంటూ వచ్చింది, తొట్టిలోంచి ఒక చేపను తీసింది, మొప్ప ఎత్తింది, వాసన చూసింది, బజారంతా వినబడేలా, "ఇవి నిన్నటివి!" అంది.

పదేళ్ళ వయసు నుంచీ చేపలమ్ముతున్న మనిషిని పట్టుకుని ఆ మాట అనకూడదు. బ్రూనా ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. కుడి కన్ను కాస్త ముడుచుకుంది. ఆ చూపుకు ఎన్నో ఏళ్ళుగా కొనేవాళ్ళు సంచీ వదిలేసి పారిపోతూనే ఉన్నారు. దులో నాలుగు గీతలు గీసుకుని, "చాలు మారే, చాలు" అంటూ నీళ్ళలో చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. బ్రూనా పట్టించుకోలేదు. అప్పటికి ఆవిడ అదే చేపను చేతపట్టి పాస్యా వెంటపడింది.

గురువారం వచ్చింది. పాస్యా కొట్టు ముందు బల్ల సరిపోలేదు. ఎన్నడూ గుమ్మం దాటని ఇల్యో కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. పాస్యా పుస్తకాన్ని తాడు మీంచి దించి, పాదిరీ సువార్త విప్పినట్టు మెల్లగా విప్పింది. మొదటి పేజీలోనే సముద్రపు రాణి, పగడాల సింహాసనం మీద. చిటికెడు ముక్కు, పిడికెడు నడుము. ఏదో సినిమా పోస్టరులోంచి తెచ్చిన పిల్ల అని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతోంది.

"ఇది చెల్లెలై ఉంటుంది. అసలు రాణి లోపలుంటుంది. తిప్పు" అంది బ్రూనా.

పాస్యా తిప్పింది. రెండు పేజీలూ నిండిపోయి బకునావా లేచింది. చంద్రుణ్ణి మింగే సముద్రపు పాము. మన రాహువుకు తల తప్ప ఏమీ లేదు, దీనికి నది పొడుగునా ఒళ్ళుంది. ఒంటి నిండా మొసలి తోలు, మెడ చుట్టూ కొట్టుకునే మొప్పలు, అలల్ని చీల్చే కోరలు. వాటన్నిటి పైన రెండు కళ్ళు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది. కుడి కన్ను కాస్త ముడుచుకుని ఉంది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ముందుగా నవ్వింది ఎస్తోంగ్. పిశాచాల చెవులు మోస్తూ ఇన్నేళ్ళూ నవ్వులపాలైనవాడు, ఇవాళ తోడు దొరికిందని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత వీధంతా నవ్వింది. బ్రూనాకు తల కొట్టేసినట్టయింది. దిక్కుతోచక ఇల్యో వంక చూసింది.

"బాగా గీశాడు" అన్నాడు ఇల్యో.

నెల మొత్తం మీద ఆయన ఖర్చుపెట్టిన మాటలు అవి. ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి ఆయనకు అన్నంతో పాటు వడ్డించిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాడు బ్రూనా దులో కిటికీ ముందు నిలబడింది.

"మాంగ్ దులో గారూ, బాగున్నారాండీ?"

దులో కుర్చీలోంచి లేచాడు. పదిహేనేళ్ళలో ఆవిడ నోట "గారు" రాలేదు.

"మారే, అంతంత మాటలెందుకు..."

"మీరు పెద్దవారండి. చంద్రుళ్ళను తినే ఆడదాన్ని, నాతో మీకు చుట్టరికమేమిటండి?"

దులో బల్ల కిందనుంచి ఒక కాగితం తీసి చూపించాడు. అదే పాము. కళ్ళు లేవు, ఆ చోట రెండు తెల్లటి గుంటలు. పక్కనే కత్తిరించిన బొమ్మలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి.

"ఒళ్ళు జూలో కొండచిలువది. తోలు మొసలిది. మొప్పలు నీ తొట్టిలోవే, వాటి కోసమే మొదటి రోజు వచ్చా. అన్నీ సరిగ్గా కుదిరాయి. అయినా కాగితం మీద చచ్చి పడుందది. అప్పుడు నువ్వెవరినో చూడ్డం చూశా. ఆ కళ్ళు పెట్టగానే లేచింది."

"రాణికి పెట్టొచ్చుగా."

"పెట్టి చూశా మారే. ఆ కళ్ళకి ఆ రాణి చాల్లేదు. సింహాసనం కూడా చాల్లేదు."

బ్రూనాకు లోలోపల ఎక్కడో చల్లగా తగిలింది. బయటికి మాత్రం మొహం మాడ్చుకునే ఉంది. "ఒక మనిషికి ఒక్కటే అన్నారు. చేతులు తీసుకున్నారు, ఇప్పుడు కళ్ళు. నియమం తప్పారండి మీరు."

"తప్పాను" అన్నాడు దులో, తల దించుకుని. ఆ తప్పు ఎక్కడికి పోతుందో అప్పటికి ఆయనక్కూడా తెలీదు.

పందెం పందెమే కనుక బ్రూనా చీపురు పట్టింది. బజారు ముగించుకుని రోజూ పాస్యా వాకిలి ఊడ్చేది. పాస్యా పక్కనే నిలబడి, "ఆ మూల, ఆ మూల" అని వేలు చూపించేది. కానీ బజారులో ఒక చిత్రం జరిగింది. బేరాలు ఆగిపోయాయి. ఆవిడ చెప్పిన ధర విని, కళ్ళలోకి ఒకసారి చూసి, మారుమాటాడకుండా ఇచ్చి పోతున్నారు. "బకునావా, ఒక కిలో" అంటే మొదట్లో మండిపడేది, రెండో వారానికి "పెద్దవా చిన్నవా?" అనడం మొదలెట్టింది. జుట్టు ఉంగరాలు వాటంతటవే విడిపోయాయి. మళ్ళీ అరుస్తోంది.

ప్రతి గురువారం చీపురు చంకన పెట్టుకుని పుస్తకం చదివేది. చదివేది అంటే వాదించేది. ఆ కథలో చంద్రుళ్ళు ఏడుగురు. బకునావా ఒక్కొక్కరుగా ఆరుగుర్ని మింగింది, ఇక ఆకాశంలో మిగిలింది ఒక్కడే. వాణ్ణి కాపాడటానికి ఒక యువకుడు బరిసె పట్టుకుని పడవెక్కాడు.

"ఆరుగుర్ని తింటుంటే ఎక్కడ పడుకున్నాడు వీడు? ఏడోవాడి దగ్గరికొచ్చేసరికి బయల్దేరాడా? దానికి మాత్రం ఆకలుండదా?" అనేది బ్రూనా.

"అయ్యో పాపం, నీకు చుట్టమాయె" అనేది పాస్యా.

ఐదో గురువారం వెనక అట్ట మీద పెద్ద బొమ్మ వేశారు. వచ్చే వారం బకునావా వధ అని కింద రాసుంది. యువకుడు బరిసె నెత్తి మీదికెత్తి నిలబడ్డాడు. పాస్యా నవ్వడానికి నోరు తెరిచి, ఆ బొమ్మను ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది.

"బ్రూనా. ఈ చేతులు నీవి."

బ్రూనా చూసింది. తనవే. పదిహేనేళ్ళ కిందట తెడ్డు ఎత్తిన చేతులు, మణికట్టు దగ్గర ఆ మెలికతో సహా.

"నీ చేతులతో నీ తలే..." అని పాస్యా మొదలుపెట్టి ఆపేసింది. యాభై రెండేళ్ళలో ఆవిడ మాట మధ్యలో ఆపడం అదే మొదలు. బ్రూనా చంకలోంచి చీపురు మెల్లగా లాక్కుంది. "ఇవాళ్టికి ఊడ్చింది చాల్లే. ఇంటికి పో."

బ్రూనాకు ఏడుపొచ్చింది. బొమ్మ కోసం ఏడవడమేమిటని సిగ్గు కూడా వేసింది. పదిహేనేళ్ళు అడిగితే ఇచ్చిన ముఖం. పాముదైతేనేం, అందులో ఉన్నది తనే. ఐదు వారాలు బతికింది, జనం భయపడ్డారు, బల్ల మీద జరిగి చోటిచ్చారు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా దాన్ని పొడిచి చంపబోతున్నది తన చేతులే. వీధి మళ్ళీ నవ్వుతుంది. ఈసారి ఆ నవ్వును మోయడం తన వల్ల కాదనిపించింది.

మర్నాడు దులో దొంగలా బజారుకొచ్చాడు. చేతిలో తెడ్డు ఉంది.

"మారే, పొడిచే దెబ్బ కుదరటం లేదు. పాత బొమ్మల్లో చేయి అలా వంగదు. ఒక్క నిమిషం..."

"ఇవ్వను."

"ఆ కుర్రాడూ ఈ పామూ ఎదురుపడతారని ముందు ఆలోచించలేదు మారే. కథ నాది కాదు, ఆఫీసులో రాసి పంపిస్తారు. నా చేతుల్లో ఏముంది?"

"ఏమీ లేకపోబట్టేగా నావి పట్టుకుపోతున్నారు."

ఆ మాటకు దులో తెడ్డు దించి వెనక్కి తిరిగాడు. వెళ్ళబోతుంటే బ్రూనాయే ఆపింది.

"ఒక్కటి చెప్పండి. గ్రహణం పట్టినప్పుడు మా అమ్మమ్మ ఈ రేకు తొట్టి బోర్లించి గరిటెతో బాదేది. ఊరంతా బాదేది. ఆ గోల పడలేక అది చంద్రుణ్ణి కక్కేసి దాని దారిన అది పోయేది. దాన్ని ఎవరూ చంపలేదు. ఎవరో చంపేసుంటే మొన్న నేను చూసిన గ్రహణం ఎక్కణ్ణుంచి వచ్చిందట? మీ ఆఫీసువాళ్ళని అడగండి."

దులో తెడ్డు భుజాన పెట్టుకుని నీళ్ళలో నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

శనివారం మధ్యాహ్నం బ్రూనా పిలవకుండానే ఆయన ఇంటికి వెళ్ళింది. బేసినులో బతికున్న కొర్రమీను ఉంది. నీళ్ళు ఇల్లంతా చిమ్ముతోంది.

"తెడ్డుతో ఏం తెలుస్తుంది? చంపడం ఎలాగో చూపిస్తా, గీసుకోండి. గీసుకుని మీ పుణ్యం మీరు కట్టుకోండి."

చేపను పీట మీద పెట్టింది. అది తోక కొట్టుకుంటోంది. ఎడమ అరచెయ్యి దాని తల మీద వేసింది, రెండు కళ్ళూ మూసుకుపోయేలా, మెత్తగా. కుడిచేత్తో కొయ్య సుత్తి ఎత్తింది. చేప కొట్టుకోవడం ఆగిపోయింది.

"ముందు కళ్ళు కప్పాలి. చీకటైతే ఊరుకుంటుంది. భయం తీయకుండా కొట్టకూడదు, మా అమ్మ నేర్పింది" అంది, మామూలు గొంతుతో.

"అలాగే ఉండు మారే. కొట్టకు" అన్నాడు దులో.

ఆయన గీస్తూనే ఉన్నాడు. సుత్తి ఎత్తిన చెయ్యి లాగేస్తోందని అంటే, "అది దించెయ్, దానితో పని లేదు" అన్నాడు. చేప తల మీద ఉన్న ఎడమచేతిని మాత్రం కదలనివ్వలేదు. కిటికీలో ఎండ పక్క గోడకు జరిగేదాకా బ్రూనా ఆ చెయ్యి అలాగే ఉంచి, మధ్యమధ్య నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఆ కొర్రమీనును ఆవిడ ఆ రోజు చంపలేదు. మర్నాడు చంపింది. ఆదివారం కదా.

ఆ తర్వాత ఆఫీసులో ఏం జరిగిందో దులో రెండు ముక్కల్లో చెప్పేవాడు. ఎడిటరు బొమ్మను చూసి, "చంపమన్నాం కదయ్యా" అన్నాడట. "చచ్చిపోతే వచ్చే ఏడు గ్రహణానికి ఎవరొస్తారండీ?" అన్నాడట దులో. ఎడిటరు సిగరెట్టు మొత్తం కాల్చి, వచ్చే ఏడు సీరియల్ సంగతి ఆలోచించుకుని, పేజీలు అచ్చుకు పంపించేశాడట.

ఆరో గురువారం బ్రూనా కొట్టుకు వెళ్ళకూడదనే అనుకుంది. పాస్యాయే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పుస్తకం విప్పింది. ఒడ్డు పొడుగునా జనం తొట్లు బోర్లించి బాదుతున్నారు, అందులో ఎస్తోంగ్ చెవులున్నవాడు కూడా ఉన్నాడు. బరిసె నీళ్ళలో తేలుతోంది. పడవలో నిలబడ్డ యువకుడు బ్రూనా చేతిని చాచి బకునావా నుదుటి మీద పెట్టాడు. తెరిచిన నోట్లోంచి చంద్రుడు మెల్లగా జారి బయటికొస్తున్నాడు. ఆ వెన్నెల పాము ముఖం మీద పడుతోంది. దాని కళ్ళు మూసుకుని ఉన్నాయి. కనుబొమ్మలు రెండూ దిగిపోయి, పగలంతా మోసిన తొట్టి అప్పుడే దింపినట్టు ఉంది ఆ ముఖం.

ఎవరూ నవ్వలేదు. పాస్యా లోపలికెళ్ళి గరిటె తెచ్చి ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద ఒక్కటి కొట్టింది. ఇంకెవరో బల్ల మీద కొట్టారు. బజారులో ఎవరో తొట్టి బోర్లించారు. రెండు నిమిషాల్లో వీధి దద్దరిల్లిపోయింది. మలుపులోంచి పోలీసు పరిగెత్తుకొచ్చి ఏం జరిగిందని అడిగాడు.

"గ్రహణం విడిచింది" అంది పాస్యా, గరిటె దించకుండా.

బ్రూనా ఆ పుస్తకం తిరిగివ్వలేదు. పాస్యా అడగలేదు. దాన్ని పట్టుకుని దులో కిటికీ దగ్గరికెళ్ళింది.

"పారే."

ఆ పిలుపు వినగానే దులోకి ప్రాణం లేచొచ్చింది.

"చేతులు నావి, సరే. ఈ కళ్ళు మూసుకున్న ముఖం ఎక్కడిది? నీ ముందు నేనెప్పుడూ కళ్ళు మూసుకోలేదే. పెట్టెలోదా?"

"పెట్టెలో లేదు మారే. ఊహించాను. తేడా ఉంటే చెప్పు."

చెబుదామనుకుంది బ్రూనా. చెప్పడానికి తనకూ తెలీదు. ఇంటికెళ్ళి గోడ అద్దం ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ ముఖం ఉండటం లేదు. ఒక కన్ను సందు చేసి దొంగచాటుగా చూసింది. అప్పుడు కనబడింది దొంగచూపు చూస్తున్న బ్రూనా మాత్రమే. నాలుగుసార్లు చూసి విసుగెత్తి, గుమ్మంలో వల బాగుచేస్తున్న ఇల్యో ఒళ్ళో పుస్తకం పెట్టింది.

"నిజం చెప్పు. కళ్ళు మూసుకుంటే నేను ఇలాగే ఉంటానా?"

ఇల్యో బొమ్మను వెలుగులోకి పట్టుకుని నిదానంగా చూశాడు.

"ఇలాగే ఉంటావు."

"నీకేం తెలుసు?"

"రోజూ చూస్తాగా. కాఫీ తెచ్చి, లేపేముందు కాసేపు."

"కాసేపా? ఎందుకూ?"

"అప్పుడు అరవవుగా" అన్నాడు ఇల్యో.

బ్రూనా పక్కనే గడప మీద కూర్చుంది. ఇల్యో వల అందుకోబోయి ఆగి, మళ్ళీ బొమ్మ వంక చూశాడు. ఆయన కనుబొమ్మ కూడా కొంచెం పైకి లేచింది.

"అవునుగానీ, ఇది దులోకి ఎలా తెలుసు?"

అవతలి ఒడ్డున చర్చి మెట్ల మీద కునికేవాళ్ళు లేచి కూర్చునేంత పెద్దగా నవ్వింది బ్రూనా. కళ్ళు తుడుచుకుంటూ, "ఊహించాడట" అంది.

"ఓహో" అన్నాడు ఇల్యో, సూదిలో దారం ఎక్కిస్తూ. "నేను చూశాను."